చూపించని యుద్ధం

ముసలి యోధుడొకడికి చివరి అవకాశం ఇవ్వడానికి స్టార్‌ట్రెక్ 31 ఏళ్లు తీసుకుంది. తీరా ఇచ్చాక, ఆ పోరాటాన్ని తెర మీద చూపనే లేదు. టీవీ చరిత్రలో వృద్ధాప్యం గురించి ఇంత నిజాయితీగా చెప్పిన కథలు తక్కువ.

ముసలాయన పెద్ద కోరికేమీ కోరలేదు. ఏ ఓడలోనైనా సరే, ఏ హోదాలోనైనా సరే, ఒక్క చోటు ఇప్పించమన్నాడు. బయట యుద్ధం నడుస్తోంది. తన జాతి జాతంతా అందులో ఉంది. తాను ఇంటిపట్టున కూర్చున్నాడు. తోటివాళ్లు ఎప్పుడో పోయారు. బతికున్న పెద్దల్లో ఎక్కువమంది ఆయన తమనెప్పుడు నొప్పించాడో మరిచిపోనివాళ్లే. చివరికి తనకంటే ఎంతో చిన్నవాడైన ఒక అధికారి గది గుమ్మంలో నిలబడి, నేను మంచం మీద చావలేను, నాకు సాయం చెయ్యమని అడిగాడు.

ఆయన పేరు కోర్. క్లింగన్ జాతివాడు. ఆ జాతి నమ్మకం ప్రకారం పోరులో ప్రాణం విడిచిన వీరుడికి స్టోవోకోర్ అనే స్వర్గంలో చోటు ఉంటుంది. వయసు మీదపడి, జబ్బుపడి పోయినవాడికి ఆ మర్యాద దక్కదు. కాబట్టి కోర్ అడిగింది ఉద్యోగం కాదు, యోగ్యమైన చావు. అడిగింది వార్ఫ్ అనే ఆ అధికారిని. ఈ సన్నివేశం 'స్టార్‌ట్రెక్: డీప్ స్పేస్ నైన్' ఏడో సీజన్‌లో, 1998 నవంబర్ 11న అమెరికాలో ప్రసారమైన 'వన్స్ మోర్ అన్‌టు ద బ్రీచ్' అనే ఎపిసోడ్‌లోది. పేరు షేక్స్‌పియర్ 'హెన్రీ ద ఫిఫ్త్' నాటకం నుంచి తీసుకున్నది. రాసింది రోనాల్డ్ డి. మూర్, దర్శకుడు అలన్ క్రోకర్, కోర్‌గా నటించింది కెనడా నటుడు జాన్ కొలికోస్.

సైన్స్ ఫిక్షన్‌ని మనం కుర్రకారు సరుకు అనుకుంటాం. కొత్త యంత్రాలు, కొత్త లోకాలు, కొత్త తరం. అందులో ముసలివాడు కనిపించాడంటే జ్ఞానం పంచి కన్నుమూసే గురువై ఉంటాడు, లేదా అధికారం వదలని దుర్మార్గుడై ఉంటాడు. ఒళ్లు సహకరించని, మతి నిలవని, అయినా ఆశ చావని మామూలు ముసలివాణ్ణి కథ మధ్యలో కూర్చోబెట్టిన సందర్భాలు తక్కువ. కోర్ కథ అలాంటి సందర్భం. అయితే అది 1998లో మొదలైనది కాదు.

జరగని యుద్ధం

1967 మార్చి 23. మొదటి స్టార్‌ట్రెక్ తొలి సీజన్ చివరికొస్తోంది. 'ఎరండ్ ఆఫ్ మెర్సీ' అనే ఎపిసోడ్‌లో క్లింగన్లు మొట్టమొదటిసారి తెర మీదికి వచ్చారు. రచయిత జీన్ కూన్. ఆర్గేనియా అనే గ్రహం. గొర్రెలు కాచుకునేవాళ్లలా కనిపించే శాంతమూర్తులు అక్కడ ఉంటారు. ఆ గ్రహం కోసం ఒక వైపు మనుషుల పక్షమైన ఫెడరేషన్, ఇంకోవైపు క్లింగన్ సామ్రాజ్యం. అమెరికా, సోవియట్ యూనియన్ మధ్య ప్రచ్ఛన్నయుద్ధం, దాని నీడలో నలుగుతున్న వియత్నాం, ఇవన్నీ కథ వెనకాల స్పష్టంగానే కనిపిస్తాయి. గ్రహాన్ని ఆక్రమించి సైనిక గవర్నరుగా కుర్చీలో కూర్చున్నవాడు కోర్.

1980లలో దూరదర్శన్‌లో స్టార్‌ట్రెక్ చూసినవాళ్లకు ఆనాటి క్లింగన్ల రూపం గుర్తుండే ఉంటుంది. నున్నటి నుదురు, వేలాడే మీసం, ముదురురంగు పూసిన ముఖం. మేకప్ చేసిన ఫ్రెడ్ ఫిలిప్స్, నటించిన కొలికోస్ ఇద్దరూ చెంగిజ్‌ఖాన్‌ని దృష్టిలో పెట్టుకుని ఆ రూపం తయారుచేశారు. అమెరికన్ టీవీ ఆ రోజుల్లో శత్రువుని ఊహించుకోవాల్సి వచ్చినప్పుడు ఆసియావాడి ముఖాన్నే ఎందుకు ఎంచుకుందో వేరే చెప్పనక్కర్లేదు. అది ఆ సీరియల్ మీద మిగిలిపోయిన మరక. కొలికోస్ ఆ రంగు కింద చేసిన పని మాత్రం వేరు. ఆయన కోర్ అరవడు. నవ్వుతాడు. ఎదురుగా ఉన్న ఫెడరేషన్ కెప్టెన్ కిర్క్‌ని చూసి ముచ్చటపడతాడు. వీడు నాకు తగిన జోడీ అనే మెప్పు కళ్లలో కనిపిస్తుంది.

కథ చివర ఆ గొర్రెలకాపరులు నిజానికి శరీరాలే లేని శక్తిరూపులని తేలుతుంది. ఇరుపక్షాల ఆయుధాలనూ ముట్టుకోలేనంతగా వేడెక్కించి, యుద్ధాన్ని ఆపేస్తారు. కిర్క్ సిగ్గుపడతాడు. శాంతి కోసం వచ్చినవాణ్ణి, యుద్ధం చేసుకునే హక్కు కోసం వాదించానే అని. కోర్‌కి సిగ్గు లేదు. ఎంత వైభవంగా ఉండేదో ఆ యుద్ధం అని కిర్క్‌తో చెప్పుకుని బాధపడతాడు. ఆ ఎపిసోడ్‌లో ఆయన మాట్లాడే చివరి మాట అదే.

నాకు ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే విలువైనది ఆ బాధ. రచయిత దాన్ని బహుశా చమత్కారంగా రాసి ఉంటాడు. కొలికోస్ దాన్ని నిజమైన వెలితిగా పలికాడు. తరవాత వచ్చినవాళ్లు ఆ వెలితి మీదే ఒక జీవితం కట్టారు.

కోర్‌ని మళ్లీ మళ్లీ రప్పించాలని అప్పుడే అనుకున్నారు. కొలికోస్‌కి వేరే పనులుండి కుదరలేదు. దాంతో 1967 డిసెంబరులో వచ్చిన 'ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్'లో కొలోత్ అనే కొత్త క్లింగన్‌గా విలియం క్యాంప్‌బెల్ వచ్చాడు. 1968 నవంబరులో 'డే ఆఫ్ ద డవ్'లో కాంగ్‌గా మైకేల్ అన్సారా వచ్చాడు. ఒక్క పాత్ర చేయాల్సిన పని మూడు పాత్రలు చేశాయి. పాతికేళ్ల తరవాత ఆ ముగ్గురినీ ప్రాణస్నేహితులుగా కలపబోతున్నారని అప్పుడు ఎవరికీ తెలియదు.

ముగ్గురిలో ఒకడు మిగిలాడు

1994 మార్చి 28న వచ్చిన 'బ్లడ్ ఓత్' ఆ కలయిక. రచన పీటర్ అలన్ ఫీల్డ్స్, దర్శకత్వం విన్రిక్ కోల్బె. ముగ్గురు నటులూ వాళ్లే. ఇప్పుడు వాళ్ల నుదుటి మీద గట్లు గట్లుగా ఎముక. 1979 నాటి మొదటి స్టార్‌ట్రెక్ సినిమాతో క్లింగన్ల రూపం మారిపోయింది కాబట్టి కోర్, కొలోత్, కాంగ్ కూడా మారిపోయారు. ఎందుకు మారారో కథలో ఒక్క మాట లేదు. (2005లో 'ఎంటర్‌ప్రైజ్' సీరియల్ దానికి జన్యుశాస్త్రపు కారణం వెతికింది. అది లేకపోయినా ఎవరికీ ఏ లోటూ లేదు.)

కోర్‌ని మొదట చూసేసరికి ఆయన పీకలదాకా తాగి, బొమ్మల గదిలో తన పాత విజయాన్నే మళ్లీ మళ్లీ ఆడుకుంటున్నాడు. కంప్యూటరు సృష్టించిన పాత శత్రువులతో పాత యుద్ధం. బయటికి రమ్మన్నా రాడు. కొలోత్ వచ్చి ఆయన వాలకం చూసి అసహ్యించుకుంటాడు. కాంగ్ గంభీరంగా, తక్కువ మాటలతో ఉంటాడు. ముగ్గురినీ కలిపింది ఒక పగ. దాదాపు 80 ఏళ్ల కిందట అల్బీనో అనే దొంగనాయకుడు, వీళ్లు తనని దెబ్బతీసినందుకు బదులుగా, ముగ్గురి మొదటి కొడుకులనూ వ్యాధి పంపించి చంపాడు. వాడి గుండె కోసి తింటామని ముగ్గురూ రక్తం మీద ఒట్టేశారు. వాళ్లతో కలిసి ఒట్టేసిన నాలుగో మనిషి కర్జన్ డాక్స్. కాంగ్ కొడుకుకి ఆయన పేరే పెట్టారు. ఆయన చనిపోయాడు, ఆయనలోని డాక్స్ అనే జీవం ఇప్పుడు జాడ్జియా అనే యువతి శరీరంలో ఉంది. చనిపోయిన మనిషి చేసిన ఒట్టు ఆమెకి వర్తిస్తుందా? వర్తిస్తుందని ఆమె పట్టుబట్టి వెంట వెళ్తుంది.

దాడికి ముందు అసలు విషయం బయటపడుతుంది. కాంగ్ శత్రువుతో లోపాయికారీగా ఒప్పందం చేసుకున్నాడు. గెలుపు అక్కర్లేదు, గౌరవంగా చచ్చే ఏర్పాటు చేస్తే చాలన్నాడు. వయసైపోయింది, ఇంక ఇంతకంటే ఏం దొరుకుతుందనుకున్నాడు. అంతటి వీరుడు చావుని కూడా బేరమాడి కొనుక్కునే స్థితికి వచ్చాడు! ఆ బేరం కూడా మోసమేనని, దారిలో పేలుడు పదార్థాలు పెట్టి అందరినీ ఒకేసారి లేపేయబోతున్నారని జాడ్జియా పసిగడుతుంది. అప్పుడు కదులుతారు నిజంగా. కొలోత్ పడిపోతాడు, కాంగ్ పగ తీర్చుకుని పడిపోతాడు. కోర్ బతుకుతాడు.

బతకడమే ఆయనకి పడిన శిక్ష. ముగ్గురిలో తాగుబోతు, వాగుడుకాయ, మిగతా ఇద్దరి ముందు తక్కువవాడు. పోవాల్సినవాళ్లు వైభవంగా పోయారు, ఈయన వాళ్ల గురించి పాటలు పాడటానికి మిగిలాడు. మరుసటి ఏడాది 1995 నవంబరులో 'ద సోర్డ్ ఆఫ్ కేలెస్'లో కోర్ మళ్లీ వచ్చాడు. జాతి ఆదిపురుషుడి పోయిన కత్తిని వెతుకుతూ వార్ఫ్, జాడ్జియాలతో వెళ్లి, దొరికిన కత్తి నీకా నాకా అని వార్ఫ్‌తో కొట్టుకుని, చివరికి ఇద్దరూ దాన్ని అంతరిక్షంలో వదిలేసి వస్తారు. కీర్తి చేతిదాకా వచ్చి జారిపోవడం ఇది రెండోసారి.

మందుతో వచ్చిన యవ్వనం

స్టార్‌ట్రెక్ అంతకుముందు వృద్ధాప్యాన్ని వేరే పద్ధతుల్లో ప్రయత్నించి చూసింది. 1988లో 'నెక్స్ట్ జనరేషన్' మొదటి సీజన్‌లో వచ్చిన 'టూ షార్ట్ ఎ సీజన్'లో చక్రాల కుర్చీలో ఉన్న ముసలి అడ్మిరల్ జేమ్సన్ యవ్వనం తెచ్చే మందు మింగుతాడు. దశాబ్దాల కిందట తాను చేసిన తప్పు ఒక గ్రహంలో ఇంకా రగులుతోంది, దాన్ని దిద్దాలంటే ఒంట్లో బలం కావాలనుకుంటాడు. ఎపిసోడ్ నడిచేకొద్దీ కుర్రవాడవుతాడు, ఆ వేగానికి ఒళ్లు తట్టుకోలేక చనిపోతాడు. ఆలోచన మంచిదే. కానీ చూస్తున్నంతసేపూ మన ధ్యాస మనిషి మీద నిలవదు, మేకప్ మీద ఉంటుంది. ముసలితనాన్ని ఒక రోగంగా, యంత్రం రిపేరు చేసే లోపంగా చూస్తే వచ్చే కథ అదే.

1992లో వచ్చిన 'రెలిక్స్' ఇంకా నయం. మొదటి సీరియల్‌లోని ఓడ ఇంజినీరు స్కాటీ 75 ఏళ్లపాటు ఒక యంత్రంలో నిలిచిపోయి, తనకు పరిచయం లేని కాలంలో కళ్లు తెరుస్తాడు. కొత్త ఇంజినీరు పనిలో ఉండి విసుక్కుంటాడు. స్కాటీకి తన విద్య పాతబడిందని అర్థమవుతుంది. ఒంటరిగా వెళ్లి, పాత ఓడ గదిని బొమ్మగా కట్టించుకుని అందులో కూర్చుంటాడు. స్కాటీగా చేసిన జేమ్స్ డూహన్ నిజంగానే సైనికుడు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో కెనడా దళంతో దిగి, తూటాలు తిని, కుడిచేతి మధ్యవేలు పోగొట్టుకున్నాడు. ఆ ఎపిసోడ్ రాసింది కూడా రోనాల్డ్ మూరే.

1994లో మూర్, బ్రానన్ బ్రాగాతో కలిసి 'జనరేషన్స్' సినిమా రాశాడు. అందులో కెప్టెన్ కిర్క్ చనిపోతాడు. మొదట వీపు మీద కాల్చి చంపించారు. ముందస్తు ప్రదర్శనలో చూసినవాళ్లకి నచ్చకపోతే, డబ్బు పోసి మళ్లీ తీశారు. ఈసారి ఇనుప వంతెన విరిగి కిర్క్ కిందపడిపోయాడు. అదీ అభిమానుల మనసుకి ఎక్కలేదు. కాల్చినా, పడేసినా, ఏది చూపించినా ఆ మనిషికి చాలలేదు. ఒక పురాణపురుషుడి చావుని కెమెరా ముందు పెట్టడం ఎంత కష్టమో మూర్‌కి ఆ సినిమా నేర్పింది అనుకుంటాను. నాలుగేళ్ల తరవాత కోర్ చావు రాయాల్సి వచ్చినప్పుడు ఆయన వేరే దారి పట్టాడు.

కేథా పల్లపు భూముల కుర్రాడు

ఇప్పుడు వార్ఫ్ గదికి వద్దాం. డొమినియన్ అనే శత్రుసామ్రాజ్యంతో యుద్ధం. వార్ఫ్ భార్య జాడ్జియా అప్పటికి కొన్ని నెలల కిందటే హత్యకు గురైంది. ఆమె పాత స్నేహితుడు వచ్చి నిలబడి అడిగితే వార్ఫ్ కాదనలేడు. క్లింగన్ జనరల్ మార్టోక్ దగ్గరికి వెళ్లి కోర్ పేరు ఎత్తుతాడు. మార్టోక్ భగ్గుమంటాడు.

మార్టోక్‌గా చేసినవాడు జె.జి. హెర్ట్జ్‌లర్. ఒంటికన్ను, బొంగురు గొంతు. ఆ కోపానికి కారణం ఆయన చెప్పుకునే తీరు ఈ ఎపిసోడ్‌కి గుండెకాయ. మార్టోక్ కేథా పల్లపు భూములవాడు. వంశం లేనివాడు. తరతరాలుగా ఆ ఇంటివాళ్లు మామూలు సిపాయిలు. కొడుకు అధికారి కావాలని తండ్రి కలగన్నాడు. కుర్రాడు అన్ని పరీక్షలూ దాటి దరఖాస్తు పెడితే, ఆమోదించే పెద్దల్లో ఒకడైన కోర్ దాన్ని కొట్టేశాడు. కారణం పుట్టుక. పరువైన వంశంలో పుట్టనివాడు అధికారి కాకూడదని. మార్టోక్ ఒక సేనాపతి ఓడలో ఐదేళ్లు కూలీగా చేశాడు. శత్రువులు మీదపడిన రోజున ఆయుధం పట్టి, పోరాడి, యుద్ధరంగంలోనే హోదా సంపాదించాడు. తండ్రి ఆ రోజు చూడలేదు.

ఈ మాటలు తెలుగువాడికి ఇంగ్లీషు సీరియల్ మాటల్లా వినిపించవు. పుట్టిన పేట పేరు చూసి దరఖాస్తు పక్కనపెట్టిన చేతులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అందుకే ఈ కథలో మన మనసు ఒక వైపే నిలవదు. గుమ్మంలో నిలబడ్డ ముసలాయన్ని చూసి జాలిపడ్డాం. ఇప్పుడు ఆయన ఇంకొకడిని గుమ్మంలోనే నిలబెట్టాడని తెలిసింది. పైగా కోర్ పశ్చాత్తాపపడడు. తన వంశం, తన హోదా ఆయనకి గాలి పీల్చినంత సహజం. మూర్ ఇక్కడ ఒక కన్నీటి సన్నివేశం రాసి ఇద్దరినీ కౌగిలించుకోనిచ్చి ఉంటే కథ అక్కడే చచ్చేది. ఆయన అలా చేయలేదు.

వార్ఫ్ తన అధికారంతో కోర్‌ని మార్టోక్ ఓడలోకి మూడో అధికారిగా తీసుకుంటాడు. ఓడలో అడుగుపెట్టగానే కుర్రసైనికులు ఎగబడతారు. చిన్నప్పటినుంచీ పాటల్లో విన్న మనిషి ఎదురుగా ఉన్నాడు! కోర్ పొంగిపోతాడు. మార్టోక్ పళ్లు నూరుతాడు. ఆయన ఏళ్ల తరబడి మోసిన ద్వేషాన్ని ఆ ఓడలో ఎవరూ పంచుకోరు.

తరవాత దాడి. డొమినియన్ మిత్రులైన కార్డాసియన్ల స్థావరం మీద మెరుపుదాడి. దెబ్బ తగిలి మార్టోక్ పడిపోతాడు, వార్ఫ్ అందుబాటులో ఉండడు, ఓడ కోర్ చేతికొస్తుంది. ముసలాయనకి అప్పగించిన క్షణం. ఇక్కడ మామూలు సినిమా అయితే పాత పౌరుషం తన్నుకొస్తుంది, ఒక్క ఎత్తుతో శత్రువు చిత్తవుతాడు, కుర్రాళ్లు జేజేలు కొడతారు. కోర్ గొంతు అలాగే లేస్తుంది. ఆజ్ఞలు అలాగే దూసుకొస్తాయి. కానీ ఆయన పిలుస్తున్నది కాంగ్‌ని. ఎప్పుడో పోయిన కాంగ్ పక్క ఓడలో ఉన్నాడనుకుంటున్నాడు. తాను పోరాడుతున్నది ఫెడరేషన్‌తోననుకుంటున్నాడు, ఆ ఫెడరేషన్ ఇప్పుడు మిత్రపక్షం. ఆయన మనసులో నడుస్తున్నది దశాబ్దాల కిందటి యుద్ధం. ఓడ నాశనమయ్యేలోపు మార్టోక్ లేచి పగ్గాలు లాక్కుంటాడు.

ముసలివాళ్లున్న ఇంట్లో పెరిగినవాళ్లెవరికైనా ఈ సన్నివేశం చూస్తే గొంతు పట్టేస్తుంది. రిటైరై ఇరవై ఏళ్లయిన తాతయ్య తెల్లారుతూనే బడికి టైమైందని చొక్కా వెతుక్కోవడం, చెల్లెలి పేరుతో మనవరాలిని పిలవడం మనకు తెలుసు. అయోమయంలో ఉన్నంతసేపూ ఆయన సంతోషంగా, పూర్తి అధికారంతో ఉంటాడు. తెలివొచ్చాక చుట్టూ ముఖాలు చూసినప్పుడే నరకం. కొలికోస్ ఆ రెండో క్షణాన్ని చేసిన తీరు చూడండి. భుజాలు వంగవు, కన్నీరు రాదు. కళ్లు మాత్రం ఎక్కడ నిలపాలో తెలియక తిరుగుతాయి. 1964లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ నాటకోత్సవంలో 'కింగ్ లియర్'గా నటించిన మనిషి ఆయన. మతి తప్పిన రాజుని 35 ఏళ్ల వయసులో మేకప్‌తో చేశాడు. దాదాపు డెబ్భయ్యో ఏట చేసేటప్పుడు ఆ అవసరం తక్కువే పడి ఉంటుంది.

భోజనశాలలో మార్టోక్ తన పగ తీర్చుకుంటాడు. అందరి ముందూ కోర్‌ని ఎగతాళి చేస్తాడు. నిన్నటిదాకా కాళ్లకు మొక్కిన కుర్రాళ్లు నవ్వుతారు. కోర్ తిరిగి తిట్టడు. బతుకు పండులాంటిదనీ, తాజాగా ఉన్నప్పుడు రుచి చూసుకోండనీ, మరీ ఎక్కువకాలం ఉంచుకుంటే చేదెక్కుతుందనీ చెప్పి లేచి వెళ్లిపోతాడు. నవ్వులు ఆగిపోతాయి. తరవాత మార్టోక్ ఒప్పుకుంటాడు, ఇన్నేళ్లు ఎదురుచూసిన ఈ క్షణం తనకి ఏ సంతోషాన్నీ ఇవ్వలేదని. క్షమించాననడు. ద్వేషించిన మనిషి అక్కడ లేడు, వాడి స్థానంలో ఒక ముసలివాడున్నాడు, ఆ ముసలివాడిని ఓడించడంలో గెలుపు లేదు. అంతే.

తెర వెనక జరిగిన పోరు

పారిపోతున్న దళం వెంట పది శత్రు ఓడలు పడ్డాయి. సాయం చేరేలోపు అందరూ హతం. ఎవరో ఒకరు ఒక్క ఓడతో వెనక్కి తిరిగి కాసేపు వాళ్లని ఆపాలి. ఆపినవాడు తిరిగి రాడు. వార్ఫ్ తాను వెళ్తానంటాడు. ఈ సంగతి కోర్ చెవిన వేసేది డారోక్, మార్టోక్ దగ్గర పనిచేసే వృద్ధ సేవకుడు. ఓడలో ఉన్న ఇంకొక్క ముసలివాడు. కోర్ వార్ఫ్ దగ్గరికి వెళ్లి, మత్తుమందు ఇచ్చి పడగొట్టి, అతని బదులు తాను నింగ్‌టావ్ అనే ఓడ ఎక్కుతాడు. పడిపోయే ముందు వార్ఫ్‌కి ఒక మాట ఇస్తాడు. వీరులు చేరే ఆ లోకంలో జాడ్జియాని వెతుకుతాననీ, నీ భర్త ఇంకా నిన్నే తలుచుకుంటున్నాడని చెబుతాననీ.

చివరి పోరు రావాల్సిన చోట మూర్ మనల్ని మార్టోక్ ఓడలోనే ఉంచేస్తాడు. నింగ్‌టావ్ లోపల ఏం జరిగిందో చూపడు. కోర్ ఏ ఆజ్ఞ ఇచ్చాడో, ఎలా కొట్టాడో, మళ్లీ కాంగ్‌ని పిలిచాడో లేదో మనకు తెలియదు. మార్టోక్ మనుషులకు తెలిసేది యంత్రాల మీద అంకెలే. వెంటాడుతున్న ఓడలు ఆగాయి. ఇంకా ఆగే ఉన్నాయి. ఒక్క ముసలి ఓడ పదింటిని ఇంతసేపు ఎలా ఆపగలుగుతోందో ఎవరికీ అంతుపట్టదు. ఆపై ఏ జాడా అందదు. దళం బతికిపోయింది. మార్టోక్ రక్తమద్యం ఎత్తి, కోర్ పేరు చెప్పి తాగుతాడు. సైనికులు పాట అందుకుంటారు.

డబ్బు చాలక అలా తీశారని కొందరనవచ్చు. నాకు మాత్రం ఇదే ఈ కథకి సరైన ముగింపు. కోర్‌కి చివర్లో బలం తిరిగి రాలేదు. మతి కుదుటపడిందని కూడా కథ చెప్పదు. ఆయనకి దొరికింది పని. ఎవరో ఒకరు చేయాల్సిన పని, తాను చేస్తే ఒక యువకుడి ప్రాణం మిగిలే పని. ఆ పనికి కత్తిసాము అక్కర్లేదు, కాసేపు ఆగి నిలబడగలిగితే చాలు. మన జటాయువు చేసిందీ అదే. అరవై వేల ఏళ్ల ముసలి పక్షి రావణుడిని ఓడించలేదు, ఓడిస్తానని కూడా అనుకోలేదు. దారికి అడ్డం నిలిచింది. రథాన్ని విరగ్గొట్టి, రాముడు వచ్చేదాకా ప్రాణం బిగబట్టి, సీత ఎటు వెళ్లిందో చెప్పింది. రాముడు తండ్రికి చేసినట్టు దానికి అంత్యక్రియలు చేశాడు.

చూపించకపోవడంలో ఇంకో సంగతి ఉంది. ఎపిసోడ్ మొదట్లో వార్ఫ్ సహచరులు ఓబ్రయన్, బషీర్ ఒక పాత చర్చ చేసుకుంటూ ఉంటారు. 1836 మార్చి 6న టెక్సాస్‌లోని అలమో కోట పడిపోయినప్పుడు డేవీ క్రాకెట్ పోరాడుతూ చచ్చాడా, లొంగిపోయాక చంపారా అని. వార్ఫ్ విసుక్కుంటాడు. ఆ పురాణాన్ని నమ్మేవాళ్లయితే అతనెలా చచ్చాడన్న అనుమానమే మీకు రాకూడదు, మామూలు మనిషే అనుకుంటే అతనెలా చచ్చాడన్నది అసలు లెక్కలోకే రాదు అంటాడు. కోర్ చివరి క్షణాల్ని కెమెరా చూపించి ఉంటే ఆయన్ని రెండోదానికి దించేది. చూపకపోవడం వల్ల ఆ పాట పాడే సైనికులు, మనం, అందరం ఒకే చోట ఉన్నాం. ఎవరూ చూడలేదు. అందరం నమ్మాం. 1967లో ఏ యుద్ధం జరగలేదని ఆ మనిషి బాధపడ్డాడో, అలాంటిదొకటి చివరికి ఆయనకి దొరికింది. దాన్ని చూసినవాడు ఆయనొక్కడే.

కొలికోస్ స్టార్‌ట్రెక్‌లో కనిపించడం అదే ఆఖరు. మధ్యలో ఆయన 1969 నాటి 'యాన్ ఆఫ్ ద థౌజండ్ డేస్'లో థామస్ క్రామ్‌వెల్‌గా, 1978 నాటి 'బాటిల్‌స్టార్ గలాక్టికా'లో జాతిద్రోహి బాల్టార్‌గా చేశాడు. ఆ గలాక్టికాని 2003లో మళ్లీ మొదలుపెట్టి కొత్త తరానికి ఇచ్చింది రోనాల్డ్ మూర్. అది చూడటానికి కొలికోస్ లేడు. 2000 సంవత్సరంలో, 71 ఏళ్ల వయసులో, పుట్టిన ఊరు టొరంటోలోనే కన్నుమూశాడు. తేదీ మార్చి 6. అలమో పడిపోయిన రోజు.

మార్టోక్ కథ ఆ ఓడలో ఆగలేదు. కోర్ పోయిన ఆరు నెలలకు, 1999 మే 12న 'ట్యాకింగ్ ఇన్‌టు ద విండ్' ప్రసారమైంది. రాసింది మళ్లీ మూరే. అందులో వార్ఫ్ అవినీతిపరుడైన క్లింగన్ చాన్సలర్‌ని ద్వంద్వయుద్ధంలో ఓడించి, ఆ పదవి తనకొద్దని, సామ్రాజ్యాధిపతి వస్త్రాన్ని తీసి మార్టోక్ భుజాల మీద వేస్తాడు. పుట్టుక చూసి కోర్ కొట్టేసిన కేథా పల్లపు భూముల కుర్రాడు ఇప్పుడు జాతి మొత్తానికి ఏలిక.